చేతికి నచ్చిన పాయింటర్, కంటికి నచ్చిన తెర: ల్యాప్‌టాప్ వెతుక్కోవడం, మార్చుకోవడం ఎలా

ల్యాప్‌టాప్‌లో తెర మార్చుకోవడం తేలిక, పాయింటర్ (కర్సర్‌ను కదిపే టచ్‌ప్యాడ్ లాంటి సాధనం) మార్చుకోవడం కష్టం. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఈ ఒక్క తేడాయే చెప్పేస్తుంది. తెర ప్యానెల్ అంటే నాలుగు స్క్రూలో రెండు టేపు ముక్కలో పట్టి ఉంచే పలక, దాని వెనక ఒక కేబుల్. ప్యానెల్ తయారుచేసే కంపెనీలు కొన్నే కాబట్టి సైజులు, కనెక్టర్లు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి. టచ్‌ప్యాడ్, దాని బటన్లు, కీబోర్డు మధ్యలో ఉండే పుల్ల (వేలితో తోస్తే కర్సర్ కదిలే రబ్బరు బొడిపె) అలా కాదు. వాటికి పామ్‌రెస్ట్‌లో (కీబోర్డు ముందు అరచేయి ఆనించే భాగం) చోటు ఉండాలి, మదర్‌బోర్డు మీద కనెక్టర్ ఉండాలి, బయోస్ (ల్యాప్‌టాప్ వెలిగించగానే మొదట నడిచే ప్రోగ్రామ్) వాటిని గుర్తుపట్టాలి. అందుకని ముందు పాయింటర్ నచ్చిన బాడీ పట్టుకోండి. ఆ బాడీకి ఏ ప్యానెళ్లు సరిపోతాయో తర్వాత చూడండి. ప్రాసెసర్, ర్యామ్ సంగతి ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, ఆ ల్యాప్‌టాప్ వాడినన్నాళ్లూ క్లిక్ నొక్కినప్పుడల్లా విసుక్కుంటారు.

మొదటి మెట్టు: మీ చేయి ఏం అడుగుతోందో చూడండి

ఒక గంటసేపు మామూలుగా పనిచేస్తూ నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. టైపు చేస్తూ కర్సర్ కోసం ఎన్నిసార్లు చేయి తీశారు? నొక్కి పట్టుకుని లాగే పని ఎంత ఉంది? మధ్య బటన్ అవసరం ఉందా? రెండు వేళ్లతో పెద్దది చిన్నది చేయడం, మూడు వేళ్లతో కిటికీలు మార్చడం లాంటివి నిజంగా వాడుతున్నారా?

రాత, కోడ్, లెక్కల పట్టికలు ఎక్కువైతే కీబోర్డు మధ్యలో పుల్ల ఉన్న ల్యాప్‌టాప్ హాయిగా ఉంటుంది, ఎందుకంటే వేళ్లు అక్షరాల మీద నుంచి కదలనక్కర్లేదు. త్రీడీ డిజైన్, సర్క్యూట్ బొమ్మలు వేసేవాళ్లకు మధ్య బటన్ నొక్కిపట్టి లాగే పని ఉంటుంది. వాళ్లకు విడిగా మూడు బటన్లు ఉండటం ముఖ్యం. ఫొటోలు, మ్యాపులు, పొడవాటి పేజీలు చూసేవాళ్లకు పెద్ద టచ్‌ప్యాడే సుఖం. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఏ రకాన్నీ విని నమ్మకుండా, ఎవరిదైనా అడిగి తీసుకుని అరగంట వాడి చూశాకే నిర్ణయించుకోవాలి.

రెండో మెట్టు: రకాల మధ్య తేడా తెలుసుకోండి

కీబోర్డులో జీ, హెచ్, బీ కీల మధ్య ఉండే రబ్బరు బొడిపెను లెనోవో ట్రాక్‌పాయింట్ అంటుంది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీతో ఇది బయటికొచ్చింది. హెచ్‌పీ, డెల్, తోషిబా కూడా వేరే పేర్లతో ఇలాంటివే పెట్టాయి. ఇది గేమ్ కంట్రోలర్ పుల్లలా వంగదు. మీ వేలి ఒత్తిడి ఏ దిక్కుకు ఎంత ఉందో కింద ఉన్న స్ట్రెయిన్ గేజ్‌లు కొలుస్తాయి, ఒత్తిడి పెరిగేకొద్దీ కర్సర్ వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లు దీన్ని గట్టిగా తోసి, కర్సర్ ఎగిరిపోతోందని వదిలేస్తారు. చూపుడు వేలి కొసను దాని మీద ఆనించి, తోయకుండా, తోయాలన్న ఆలోచనంత ఒత్తిడే ఇవ్వాలి. అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది.

దీనికి ఒక గుణం ఉంది, తెలియకపోతే పాడైందనుకుంటారు. వేలు తీసేసినా కర్సర్ తనంతట తానే ఒక పక్కకు జారుతుంది. వేలిని ఒకే ఒత్తిడితో కాసేపు ఉంచితే ఆ ఒత్తిడినే అది సున్నా అనుకుంటుంది. వేలు తీయగానే లెక్క తప్పి, కర్సర్ ఎదురు దిక్కుకు జారుతుంది. అప్పుడు దాన్ని వెనక్కి తోస్తూ పోరాడితే ఇంకా తప్పు సున్నా నేర్చుకుంటుంది. వేలు పూర్తిగా ఎత్తి రెండు సెకన్లు ఆగండి, సర్దుకుంటుంది. ఆగినా సర్దుకోకుండా నిమిషానికోసారి జారుతుంటే అప్పుడు కీబోర్డు మార్చాల్సిందే, ఎందుకంటే సెన్సర్ కీబోర్డులోనే భాగం.

బటన్లు లేని టచ్‌ప్యాడ్లలో ఎక్కువ శాతం పై అంచున తలుపు బందులాంటి హింజ్, కింది అంచున స్విచ్ ఉండే రకం. కింద నొక్కితే తేలిగ్గా దిగుతుంది, మధ్యలో గట్టిగా నొక్కాలి, పై భాగంలో దిగనే దిగదు. లాగే పని ఎక్కువ చేసేవాళ్లకు వేలు నొప్పి పుట్టేది ఇక్కడే. హాప్టిక్ టచ్‌ప్యాడ్‌లో ప్యాడ్ కదలదు. ఒత్తిడిని సెన్సర్ పసిగట్టి, ఒక చిన్న కదలికతో క్లిక్ పడిన భావన కలిగిస్తుంది. ఎక్కడ నొక్కినా ఒకేలా ఉంటుంది కాబట్టి బటన్లు లేని రకాల్లో ఇదే మంచిది. ఒకటి గుర్తుంచుకోండి, ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నప్పుడు హాప్టిక్ ప్యాడ్ క్లిక్ మనదు. అది లోపం కాదు.

మూడో మెట్టు: మోడల్ సంవత్సరం చూసి వడకట్టండి

పుల్ల, విడి బటన్లు కావాలనుకునేవాళ్లు ఎక్కువగా చూసేది థింక్‌ప్యాడ్లనే (మొదట ఐబీఎంవి, ఇప్పుడు లెనోవోవి). అందులోనూ సంవత్సరాన్ని బట్టి చాలా తేడా ఉంది. టీ420, ఎక్స్220 వరకు ఏడు వరసల పాత కీబోర్డు. 2012లో టీ430, ఎక్స్230తో ఆరు వరసల కీబోర్డు వచ్చింది, పుల్ల బటన్లు మాత్రం అలాగే ఉన్నాయి. 2013-14లో వచ్చిన టీ440, టీ440పీ, ఎక్స్240లలో పుల్ల బటన్లను తీసేసి టచ్‌ప్యాడ్‌లోనే కలిపేశారు. ప్యాడ్ మొత్తం దిగితేనే క్లిక్ పడుతుంది కాబట్టి పుల్లతో పనిచేసేవాళ్లకు ఈ తరం బొత్తిగా పనికిరాదు. 2015లో టీ450, ఎక్స్250తో మూడు విడి బటన్లు తిరిగొచ్చాయి. 2025లో వచ్చిన ఎక్స్9లో పుల్లే లేదు. పెట్టె మీద థింక్‌ప్యాడ్ అని ఉంది కదా, పుల్ల ఉంటుందిలే అనుకుని ఆర్డర్ పెట్టొద్దు.

హెచ్‌పీ ఎలైట్‌బుక్, జెడ్‌బుక్, డెల్ లాటిట్యూడ్, ప్రెసిషన్ వరసల్లో ఇంకో చిక్కు ఉంది. చాలా మోడళ్లలో పుల్ల ఐచ్ఛికం. ఒకే మోడల్ నంబర్‌తో పుల్ల ఉన్నవీ లేనివీ దొరుకుతాయి. అందుకే మోడల్ పేరు చూసి సరిపెట్టుకోకండి. మీకు వచ్చే ఆ ఒక్క ల్యాప్‌టాప్ కీబోర్డు ఫొటో పైనుంచి తీసి పంపమనండి, జీ, హెచ్, బీ కీల మధ్య చూడండి. కంపెనీ బొమ్మ చూపిస్తే ఒప్పుకోవద్దు.

ట్రాక్‌బాల్ అంటే ఇష్టమున్నవాళ్లకు ఈ రోజుల్లో ఉన్న కొద్ది దారుల్లో ఒకటి ఎంఎన్‌టీ రిఫార్మ్. బెర్లిన్‌లో తయారయ్యే ఈ ల్యాప్‌టాప్‌లో ట్రాక్‌బాల్, టచ్‌ప్యాడ్ రెండూ విడి మాడ్యూళ్లు, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. తెర 12.5 అంగుళాలు, 1920×1080. వేగం, బరువు విషయంలో రాజీ పడాలి.

నాలుగో మెట్టు: వాడినది కొంటుంటే ఈ పరీక్షలు చేయండి

ముందు ల్యాప్‌టాప్ మూసి, పక్క నుంచి చూడండి. తర్వాత తెరిచి టచ్‌ప్యాడ్ అంచు మీద వేలు నడపండి. ప్యాడ్ పామ్‌రెస్ట్ కంటే కొంచెం పైకి లేచినా, ఒక మూల క్లిక్ గట్టిగా మారినా, బల్ల మీద పెడితే అడుగు ఊగినా కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని నొక్కి సరిచేయాలని చూడొద్దు, ఛార్జర్ పెట్టొద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పు అంటుకునే వస్తువు.

అది బాగుంటే ఏదైనా బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిచి, టచ్‌ప్యాడ్‌తో చాలా నెమ్మదిగా మూల నుంచి మూలకు ఏటవాలు గీతలు గీయండి. గీత మెట్లు మెట్లుగా వస్తే, మధ్యలో ఎగిరితే ప్యాడ్ ఉపరితలం అరిగింది లేదా సెన్సర్ బాగాలేదు. ఇదే పరీక్ష ఒకసారి బ్యాటరీ మీద, ఒకసారి ఛార్జర్ పెట్టి చేయాలి. ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే కర్సర్ వణికితే ప్యాడ్‌ను నిందించకండి. ఎర్తింగ్ లేని రెండు పిన్నుల అడాప్టర్ వల్ల, లేదా ఎర్తింగ్ సరిగ్గా లేని సాకెట్ వల్ల అలా జరుగుతుంది. మూడు పిన్నుల అడాప్టర్‌తో మళ్లీ చూడండి.

పుల్ల ఉంటే నాలుగు దిక్కులకూ ఒకే ఒత్తిడితో తోసి చూడండి. ఒక దిక్కుకు మందంగా ఉంటే సెన్సర్ దెబ్బతింది. మూడు బటన్లనూ అంచుల్లోనూ మధ్యలోనూ నొక్కాలి. ఎక్కువగా అరిగేది ఎడమ బటన్. ఒకసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడుతున్నాయేమో ఫోల్డర్ల మీద చూడండి. రబ్బరు టోపీ అరిగి నున్నబడితే దిగులు అక్కర్లేదు, అది వేలితో పీకి మార్చే వస్తువు.

ఐదో మెట్టు: తెరను కొలతలతో పోల్చండి

అంగుళాల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. అది మూల నుంచి మూలకు కొలత. ఎత్తు ఎంతో దానిలో తెలియదు. 14 అంగుళాల 16:9 తెర ఎత్తు 17.4 సెంటీమీటర్లు. అదే 14 అంగుళాలు 16:10లో 18.8 సెంటీమీటర్లు. 13.5 అంగుళాల 3:2 తెర, పేరుకు చిన్నదైనా, 19 సెంటీమీటర్లు. పాత 14.1 అంగుళాల 4:3 తెర ఏకంగా 21.5. చదవడం, రాయడం ఎక్కువైతే ఎత్తే ముఖ్యం. థింక్‌ప్యాడ్ టీ14లో 2022 నాటి మూడో తరం నుంచి 16:10 వచ్చింది, మొదటి రెండు తరాలవి 16:9. ఫ్రేమ్‌వర్క్ 13 అంగుళాల ల్యాప్‌టాప్ 2021లో 2256×1504, 3:2 తెరతో వచ్చింది. విడిభాగాలు విప్పి మార్చుకోవడానికే తయారైన బాడీ అది, పుల్ల మాత్రం లేదు. తెర నిష్పత్తిని ప్యానెల్ మార్చి మార్చలేరు, మూత ఫ్రేమే ఒప్పుకోదు. కాబట్టి పాయింటర్‌తో పాటు నిష్పత్తిని కూడా బాడీ ఎంచుకునేటప్పుడే తేల్చుకోవాలి.

ఆ తర్వాత చుక్కల సాంద్రత. 14 అంగుళాల్లో 1366×768 అంటే అంగుళానికి 112 చుక్కలు, తెలుగు అక్షరాల ఒత్తులు, వట్రసుడులు అలుక్కుపోతాయి. 1920×1080 అయితే 157. 2560×1440 అయితే 210. చదివే దూరంలో తెలుగు వత్తులు స్పష్టంగా కనిపించాలంటే 150 దాటాలి. ఇక్కడ స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను ఎన్ని రెట్లు పెద్దవి చేసి చూపాలన్న సెట్టింగ్) కూడా లెక్కలోకి వస్తుంది. 157 చుక్కల తెర మీద 100 శాతంలో అక్షరాలు మరీ చిన్నవి, 150 శాతంలో పెట్టుకుంటే పనిచేసే చోటు 1280×720కి తగ్గిపోతుంది. 125 శాతం చాలామందికి కుదురుతుంది. 2880×1800 తెరను 200 శాతంలో పెడితే చోటు 1440×900, అక్షరాలు చాలా పదును. 

వెలుగును నిట్‌లలో చెబుతారు. గదిలో 250 చాలు, కిటికీ పక్కన 400 ఉంటే హాయి. తెర ఎన్ని రంగులు చూపగలదో ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అనే కొలమానాలతో చెబుతారు. రంగులకు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే వెలిసిపోయిన రంగులు, ఎరుపు నారింజలా కనిపిస్తుంది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్ఆర్‌జీబీ. టీఎన్ ప్యానెల్ అయితే తల కాస్త పైకీ కిందికీ కదిపితే రంగులు తిరగబడతాయి. ఐపీఎస్ రకమే తీసుకోండి.

కళ్లు త్వరగా అలసిపోయేవాళ్లు ఇంకొకటి చూడాలి. కొన్ని తెరలు వెలుగు తగ్గించడానికి చాలా వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఓఎల్ఈడీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఇది సెకనుకు 240 సార్లు ఉంటుంది. తెర వెలుగు 30 శాతానికి తగ్గించి, ఫోన్ కెమెరాలో షట్టర్ వేగాన్ని బాగా పెంచి తెల్లని పేజీని చూడండి. నల్లటి అడ్డపట్టీలు పాకుతుంటే తెర మినుకుతున్నట్టే. కొందరికి దీనితో ఏ ఇబ్బందీ ఉండదు, కొందరికి గంటలోనే తలనొప్పి వస్తుంది.

మెరిసే తెర మీద వెలుతురు ప్రతిబింబాలు ఇబ్బంది పెడుతుంటే మ్యాట్ ఫిల్మ్ అంటించుకోవచ్చు. మ్యాట్ తెర మీది పొరను ఊడదీసి మెరిసే తెరగా మార్చే ప్రయత్నం మాత్రం వద్దు, ఆ పొర పోలరైజర్‌తో (తెర కాంతిని వడకట్టే పొర) కలిసి ఉంటుంది, తెరే పోతుంది.

ఆరో మెట్టు: ప్యానెల్ మార్చడం

కొనకముందు నాలుగు విషయాలు కలవాలి: సైజు, కనెక్టర్, బిగించే పద్ధతి, మందం.

కనెక్టర్లు మూడు రకాలు. ఎల్‌వీడీఎస్, ఈడీపీ అనేవి మదర్‌బోర్డు నుంచి తెరకు చిత్రం పంపే రెండు పద్ధతులు, మొదటిది పాతది. 2012 ప్రాంతం వరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 40 పిన్నుల ఎల్‌వీడీఎస్. తర్వాతివాటిలో 1080 తెరలకు ఎక్కువగా 30 పిన్నుల ఈడీపీ. ఎక్కువ చుక్కలున్నవి, టచ్ ఉన్నవి, ఎక్కువ రిఫ్రెష్ రేటువి 40 పిన్నుల ఈడీపీ. పిన్నులు 40 అని చూసి ఎల్‌వీడీఎస్ చోట ఈడీపీ ప్యానెల్ పెట్టొద్దు. సిగ్నల్ వేరు, పనిచేయకపోగా ప్యానెల్ కాలిపోవచ్చు.

పిన్నులు ఎందుకు పెరుగుతాయో చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఈడీపీలో ఒక్కో లేన్ (సిగ్నల్ మోసే తీగల జత) సెకనుకు 2.7 గిగాబిట్లు మోస్తే అందులో చిత్రానికి మిగిలేది 2.16. 1920×1080ని 60 హెర్ట్జ్‌లో, 24 బిట్ల రంగుతో నడపడానికి సుమారు 3.4 గిగాబిట్లు కావాలి, రెండు లేన్లు సరిపోతాయి. 2560×1440కి సుమారు 5.8 కావాలి. ఆ వేగంలో నాలుగు లేన్లు ఉండాలి, లేదా ఒక్కో లేన్ రెట్టింపు వేగంతో పరిగెత్తాలి. మీ కేబుల్‌లో రెండే లేన్లకు తీగలు వేసి ఉంటే ప్యానెల్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. ఉదాహరణకు థింక్‌ప్యాడ్ టీ480లో 1080 తెరకు 30 పిన్నుల కేబుల్, 2560×1440 తెరకు 40 పిన్నుల వేరే కేబుల్ కావాలి. 1080లోనే మంచి ప్యానెల్‌కు మారితే మాత్రం పాత కేబులే సరిపోతుంది. ఇన్నోలక్స్ ఎన్140హెచ్‌సీజీ-జీక్యూ2 అనేది తక్కువ కరెంటుతో 400 నిట్‌లు ఇచ్చే 14 అంగుళాల 30 పిన్నుల ప్యానెల్, మసక తెర ఉన్న 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోసినట్టు ఉంటుంది.

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉండే నంబరే దాని అసలు పేరు. మొదటి అక్షరాలు కంపెనీని చెబుతాయి: ఎన్ అంటే ఇన్నోలక్స్, బీ అంటే ఏయూవో, ఎల్‌పీ అంటే ఎల్‌జీ. తర్వాతి మూడంకెలు సైజు, 140 అంటే 14.0 అంగుళాలు. చివరనున్న అంకెలను తేలిగ్గా తీసుకోవద్దు. అదే పేరు, చివర ఒక్క అంకె తేడా ఉంటే కనెక్టర్ చోటో, చెవులో మారిపోవచ్చు. చెవులంటే ప్యానెల్ అంచున స్క్రూల కోసం ఉండే రేకులు. పాతవాటికి ఉంటాయి, సన్న అంచు ల్యాప్‌టాప్‌లవి టేపుతో అంటిస్తారు. 14 అంగుళాల ప్యానెళ్లలోనే 320 మిల్లీమీటర్ల వెడల్పువి, 315 మిల్లీమీటర్లవి రెండు రకాలున్నాయి. మీ పాత ప్యానెల్‌ను విప్పి, స్కేలుతో కొలిచి, స్టిక్కర్ ఫొటో తీసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఒక రోజు ఆలస్యమైనా తప్పు సరుకు రాదు.

విప్పేటప్పుడు ఈ వరస తప్పొద్దు.

1. ఛార్జర్ తీయండి. థింక్‌ప్యాడ్ అయితే బయోస్‌లో కాన్ఫిగ్ కింద పవర్ విభాగంలో లోపలి బ్యాటరీని ఆపేసే ఎంపిక ఉంది, దాన్ని వాడండి. మిగతావాటిలో అడుగు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ పీకండి. ఈ మెట్టు దాటేయడం వల్లే ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పాడవుతాయి. ఆపేసి ఉన్నా బ్యాక్‌లైట్ (తెర వెనక దీపం) తీగకు కరెంటు ఉండొచ్చు, కేబుల్ కొంచెం వంకరగా తాకితే మదర్‌బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోతుంది.

2. బెజెల్ (తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం) మీద రబ్బరు బిళ్లలుంటే సూదితో లేపండి, కింద స్క్రూలుంటాయి. తర్వాత పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి, కింది అంచు నుంచి కాకుండా పక్కల నుంచి మొదలుపెట్టి చిటుకు చిటుకుమని విడిపించండి. కింద హింజ్ దగ్గర బెజెల్ పలచగా ఉంటుంది, తొందరపడితే అక్కడే విరుగుతుంది. టేపుతో అంటించిన బెజెల్ అయితే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త గోరువెచ్చగా చేస్తే సుఖంగా వస్తుంది.

3. ప్యానెల్ స్క్రూలు తీసి, కీబోర్డు మీద మెత్తటి గుడ్డ పరిచి, ప్యానెల్‌ను బోర్లా దాని మీదికి వాల్చండి. పై అంచును ఒక్క వేలితో పట్టి లాగకండి. రెండు పక్కలా ఇనుప అంచు పట్టుకోవాలి, గాజు మధ్యలో వేలు నొక్కితే తెల్లటి మచ్చ మిగిలిపోతుంది.

4. కనెక్టర్ మీద టేపు తీయండి. లోహపు కొక్కెం ఉంటే ముందు దాన్ని పైకి తిప్పాలి. కేబుల్‌ను పైకి కాకుండా, ప్యానెల్‌కు సమాంతరంగా, రెండు చివర్లా సమానంగా లాగండి.

5. కొత్తదానికి కేబుల్ పూర్తిగా దూర్చి, కొక్కెం వేసి, టేపు తిరిగి అంటించండి.

6. బెజెల్ వేయకుండానే బ్యాటరీ కలిపి ఒకసారి వెలిగించి చూడండి. తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగులు తెర నిండా చూపి చచ్చిన చుక్కలు వెతకండి. వెలుగు ఎక్కువ తక్కువలు పనిచేస్తున్నాయా, మూత మెల్లగా మూసి తెరిస్తే చిత్రం వణుకుతోందా చూడండి. మళ్లీ ఆపి, బ్యాటరీ తీసి, అప్పుడు బిగించండి.

7. మూత లోపల ప్యానెల్ పక్కగా వైఫై యాంటెన్నా తీగలు వెళ్తుంటాయి. అవి వాటి గాడిలో ఉన్నాయో లేదో చూడకుండా స్క్రూ వేస్తే తీగ నలిగి వైఫై బలహీనమవుతుంది. దాని కారణం ఎవరికీ తట్టదు.

తెర నల్లగా ఉంటే టార్చ్‌ను ఏటవాలుగా వేసి చూడండి. చిత్రం లీలగా కనిపిస్తే ప్యానెల్ బాగుంది, బ్యాక్‌లైట్ ఫ్యూజో కేబులో పోయింది. ఏమీ కనిపించకపోతే కేబుల్ సరిగ్గా దిగి ఉండకపోవచ్చు. రంగులు తప్పినా, నిలువు గీతలు పడినా ముందు కనెక్టర్ తీసి మళ్లీ పెట్టండి. చాలాసార్లు అదే కారణం అవుతుంది. మూత ఒక కోణంలో మాత్రమే చిత్రం పోతుంటే హింజ్ దగ్గర కేబుల్ నలిగింది, ప్యానెల్ మళ్లీ కొనొద్దు, కేబుల్ మార్చండి.

ఎక్స్230 లాంటి పాత బాడీలో 1920×1080 తెర కావాలంటే వేరే కథ. దాని ఎల్‌వీడీఎస్ దారి 1366×768కే సరిపడేది. డాకింగ్ కనెక్టర్‌కు (ల్యాప్‌టాప్ అడుగున డాక్ తగిలించే చోటు) వెళ్లే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ను మదర్‌బోర్డు మీదే పట్టుకుని ఈడీపీగా ఇచ్చే చిన్న బోర్డు అమర్చాలి, సన్నని తీగల సోల్డరింగ్ పని అది. చేయి తిరిగినవాళ్లతో చేయించండి. తేలిక మార్గం కావాలంటే ఎక్స్220, ఎక్స్230లకు 12.5 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్ ఎల్‌జీ ఎల్‌పీ125డబ్ల్యూహెచ్2 నేరుగా సరిపోతుంది. చుక్కలు పెరగవు, చూసే కోణాలు మాత్రం బాగుపడతాయి.

ఏడో మెట్టు: పాయింటర్ మార్చడం, కుదిరిన చోట

అన్నిటికంటే తేలిక రబ్బరు టోపీ. గుండ్రంగా గరుకుగా ఉన్నవి, మెత్తని గుమ్మటంలా ఉన్నవి, మధ్యలో గుంట ఉన్నవి మూడు రకాలూ తెచ్చుకుని వేలికి ఏది జారకుండా ఉంటుందో చూడండి. ఎత్తు విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండాలి. సన్నని కొత్త ల్యాప్‌టాప్‌లకు పొట్టి టోపీలు వేరే ఉన్నాయి. వాటి మీద పాత ఎత్తు టోపీ పెడితే మూత మూసినప్పుడు తెరకు గుచ్చుకుని మచ్చ పడుతుంది, గట్టిగా మూస్తే పగులుతుంది. టోపీ వేశాక మెత్తటి కాగితం ముక్క దాని మీద పెట్టి మూత మూసి, కాగితాన్ని లాగి చూడండి. బిగిసిపోతే టోపీ ఎక్కువ ఎత్తు.

టీ440, టీ440పీ ఉన్నవాళ్లు టీ450 టచ్‌ప్యాడ్‌ను, ఎక్స్240 ఉన్నవాళ్లు ఎక్స్250 ప్యాడ్‌ను పెట్టుకుని విడి బటన్లు తెచ్చుకోవచ్చు. పోయిన బటన్లను తిరిగి తెచ్చే ఈ మార్పు చేయదగ్గది, సోల్డరింగ్ లేదు. పామ్‌రెస్ట్ తీసి, ప్యాడ్ వెనక ఉన్న స్క్రూలు, పలుచని రేకు జాగ్రత్తగా తీసి, కేబుల్ మార్చిపెట్టాలి. చిక్కు తర్వాత వస్తుంది. లోపల ప్యాడ్ మారినా బయోస్ మాత్రం పాత ప్యాడ్ పేరే చెబుతుంటుంది, డ్రైవర్ దాన్నే నమ్మి బటన్లను పట్టించుకోకపోవచ్చు. బటన్లు పలకకపోతే పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి, కొత్త ప్యాడ్ ఏ మోడల్‌దో ఆ మోడల్ డ్రైవర్ వేయండి. ప్యాడ్లను సినాప్టిక్స్, ఆల్ప్స్ అని వేర్వేరు కంపెనీలు తయారుచేశాయి, డ్రైవర్ ఆ కంపెనీకి తగ్గదై ఉండాలి.

టీ430, ఎక్స్230లో పాత ఏడు వరసల కీబోర్డు పెట్టడం కూడా కుదురుతుంది. కింది అంచున ప్లాస్టిక్ పళ్లు అరగదీయాలి, కనెక్టర్‌లో కీబోర్డు లైటుకు కరెంటు ఇచ్చే కాంటాక్టులకు ఇన్సులేషన్ టేపు వేయాలి, కీలు సరిగ్గా పనిచేయడానికి ఎంబెడెడ్ కంట్రోలర్ (కీబోర్డు, బ్యాటరీ లాంటివి చూసుకునే చిన్న చిప్) ఫర్మ్‌వేర్ మార్చాలి. టేపు మర్చిపోతే షార్ట్ అయి బోర్డు పోతుంది. ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోయినా అంతే. ఛార్జర్, నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ రెండూ లేకుండా మొదలుపెట్టకండి.

డెల్, హెచ్‌పీలలో పుల్ల లేనిదాన్ని పుల్ల ఉన్నదిగా మార్చాలనుకుంటే కీబోర్డు ఒక్కటే కొంటే సరిపోదు. బటన్లు పామ్‌రెస్ట్ మీద ఉంటాయి. కీబోర్డు, పామ్‌రెస్ట్, కేబుళ్లు కలిపి చూస్తే పుల్ల ఉన్న ల్యాప్‌టాప్ వెతుక్కోవడమే చవక.

ఎనిమిదో మెట్టు: సెట్టింగ్స్

పుల్ల వాడేవాళ్లకు మొదటి పని టచ్‌ప్యాడ్ ఆపేయడం. థింక్‌ప్యాడ్ బయోస్‌లో కాన్ఫిగ్ కింద కీబోర్డు/మౌస్ విభాగంలో ట్రాక్‌పాయింట్, టచ్‌ప్యాడ్ విడివిడిగా ఉంటాయి. అక్కడ టచ్‌ప్యాడ్ ఆపితే టైపు చేస్తుంటే బొటనవేలి మొదలు తగిలి కర్సర్ ఎగరడం పూర్తిగా పోతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్ అని వెళ్తే సున్నితత్వం నాలుగు స్థాయిల్లో ఉంటుంది. అరచేయి తగిలి ఇబ్బంది అయితే ఒక మెట్టు తగ్గించండి. విడి మధ్య బటన్ లేనివాళ్లు మూడు వేళ్ల తట్టుకు మధ్య క్లిక్ కేటాయించుకోవచ్చు.

లైనక్స్‌లో ట్రాక్‌పాయింట్‌కు రెండు సంఖ్యలు ముఖ్యం, రెండూ 0 నుంచి 255 వరకు. సున్నితత్వం మొదట 128 ఉంటుంది, వేగం 97. తేలికపాటి వేలు కావాలంటే ముందు సున్నితత్వాన్ని 180 దాకా తీసుకెళ్లి ఒక రోజు వాడండి, తర్వాతే వేగం ముట్టుకోండి. రెండూ ఒకేసారి పెంచితే ఏది ఎక్కువైందో తెలియదు. మార్పు రీబూట్‌తో పోతుంది కాబట్టి నచ్చిన సంఖ్యలను యూడెవ్ రూల్‌గా (వెలిగించిన ప్రతిసారీ లైనక్స్ పరికరాలకు వర్తింపజేసే సెట్టింగ్ ఫైలు) రాసి పెట్టుకోవాలి. సంఖ్య మార్చినా వేలికి తేడా తెలియకపోతే అది ఆ సంఖ్యలను పట్టించుకోని సెన్సర్. అప్పుడు డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోని పాయింటర్ వేగంతోనే సర్దుకోవాలి.

ల్యాప్‌టాప్ ఎక్కువగా బల్ల మీదే ఉంటుందంటే ఇంకో దారి ఉంది. తెర నచ్చిన ల్యాప్‌టాప్ తీసుకుని, పుల్ల, మూడు బటన్లు ఉన్న విడి కీబోర్డు జతచేయండి. లెనోవో ట్రాక్‌పాయింట్ కీబోర్డు 2 వైర్‌లెస్‌గా పనిచేస్తుంది, టెక్స్ షినోబీ మెకానికల్ కీలతో వస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను ఎత్తు స్టాండ్ మీద పెట్టి, తెర పై అంచు కంటికి సమానంగా వచ్చేలా సర్దుకోవచ్చు.